నాలుగో నంబరు ఉత్తరం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఎవరైనా ఒక ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చి, నలుగురి ముందు పైకి చదవమనడం. పాపకు జ్వరం వస్తే కూడా భయపడతాను కానీ, అప్పుడు ఏం చేయాలో తెలుసు. కాగితం ముందు మాత్రం నాకేమీ తోచదు.

ఇంగ్లండులోని ఈ నార్తాంప్టన్‌కు వచ్చి మూడేళ్లయింది. సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, ఏదైనా ఫారం నింపమని ఇస్తే "కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను" అని ఇంటికి తెచ్చేసుకుంటాను. సాయంత్రం మా ఆయన అచ్యుత్ నింపుతాడు. నాకసలు కళ్లజోడే లేదు. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ పాపం ఒకసారి, తాడు కట్టి మెడలో వేసుకుంటే మరిచిపోవని సలహా కూడా ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ కళ్లలోకి చూడలేకపోతున్నాను.

నేను చదివింది పదో తరగతి, తెలుగు మీడియంలో. ఇంటర్‌కు మదనపల్లె పోవాల్సిన ఏడాదే మా ఊరికి వచ్చే పొద్దుటి బస్సు తీసేశారు. "రెండు నెలల్లో మళ్లీ వేస్తారంట, అప్పుడు పోదువులే" అన్నాడు నాన్న. మళ్లీ వేశారు, నాలుగేళ్లకు. అప్పటికి మా పాప అపూర్వ నా కడుపులో ఉంది. బస్సు మా ఇంటి ముందు నుంచే పోయేది. కిటికీలో నుంచి చూసేదాన్ని.

ఇక్కడి తెలుగు అసోసియేషన్‌లో సెక్రటరీ వరలక్ష్మి ఆంటీ. పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టు. మొదటిసారి ఉగాది భోజనాల దగ్గర కలిసినప్పుడు "ఏం చదువుకున్నావమ్మా?" అని అడిగారు.

"డిగ్రీ ఆంటీ."

ఎందుకన్నానో తెలియదు. ఏ గ్రూపని ఆవిడ అడిగేలోపే అపూర్వ పులిహోర ప్లేటు కింద పడేసింది. ఆ గందరగోళంలో నేను బతికిపోయాను. ఆ అబద్ధం మాత్రం ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఆవిడే ఫోన్ చేశారు. "కస్తూరీ, స్కాలర్‌షిప్ పనిలో నువ్వు కొంచెం సాయం చెయ్యాలి."

ఆ స్కాలర్‌షిప్‌ను మొదలుపెట్టింది మా చైర్మన్ చలపతి అంకుల్. స్కూలు అయ్యాక యూనివర్సిటీకి కాకుండా ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్, మిషన్ల రిపేరు లాంటి పనులు నేర్చుకోవడానికి అప్రెంటిస్‌గా వెళ్లే పిల్లలకోసం. ఏడాదికి ఒకరికే. "మన పిల్లలంతా డాక్టర్లూ సాఫ్ట్‌వేర్లూ అయిపోతే చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయినప్పుడు ఎవర్ని పిలుస్తారండీ?" అంటారాయన. మొదటి ఏడాది ఒక్క అప్లికేషనే వచ్చిందట. గెలిచిన పిల్లవాడి తల్లి ఫోన్ చేసి, దయచేసి మైకులో పేరు చదవొద్దని బతిమాలిందట. బంధువులందరికీ మావాడు యూనివర్సిటీకి వెళ్తున్నాడనే చెప్పుకున్నామని. పోయిన ఏడాది ఐదు వచ్చాయి. ఐదింటితో పాటు గొడవ కూడా వచ్చింది. వాళ్లవాళ్లకే ఇచ్చుకున్నారని. ఇంటిపేరు చూడగానే మనవాళ్లకు ఊరూ కులమూ అన్నీ తెలిసిపోతాయి కదా. అందుకని ఈసారి పేర్లు కనపడకుండా చదవాలని కమిటీ నిర్ణయించింది.

"నువ్వు కొత్తగా వచ్చినదానివి. ఎవరికీ చుట్టానివి కాదు. చదువుకున్నదానివి" అన్నారు ఆంటీ. మూడో మాట దగ్గర నా చేతిలో ఫోన్ తడిసిపోయింది. "పిల్లలు పంపిన అప్లికేషన్ ఉత్తరాలన్నీ కాపీలు తీయించి, పేరు, ఇంటిపేరు, ఊరు, బడి, అమ్మానాన్నల ఉద్యోగం, ఏ ఇంటి పిల్లో తెలిసే ముక్క ఒక్కటి కూడా లేకుండా నల్ల మార్కర్‌తో కొట్టెయ్. పైన నంబరు వేసి, అమ్మాయో అబ్బాయో మాత్రం రాయి. ఏ నంబరు ఎవరిదో నీ ఒక్కదానికే తెలియాలి. మీ ఆయనకు కూడా చూపించకు."

సరేనన్నాను. కాదంటే ఎందుకో చెప్పాలి మరి.

తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. లైబ్రరీలో కాపీలు తీసుకుని, అపూర్వను స్కూల్లో దింపి వచ్చి, వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాను. పేర్లు పెద్దక్షరంతో మొదలవుతాయి కాబట్టి పట్టుకోవడం కష్టం కాలేదు. నాలుగో ఉత్తరం దగ్గర ఆగిపోయాను. అందులో రెండో పేజీలో ఒక పెద్ద పేరా. అక్కడక్కడా నాకు తెలిసిన మాటలు. మమ్, హాస్పిటల్, లాండ్రీ, మధ్యలో ఒక ఊరి పేరు, ఒక పేరు. వాటి మధ్యలో ఉన్న పొడుగు మాటలు నాకు అర్థం కాలేదు. వాటిలో ఏది ఆ ఇంటి గుట్టు చెప్పేస్తుందో ఎవరికి తెలుసు? అచ్యుత్‌ను అడగకూడదు. ఎందుకైనా మంచిదని పేరా మొత్తం కొట్టేశాను.

అచ్యుత్ ఇంటి నుంచే పనిచేస్తాడు. మీటింగుల మధ్యలో టీ కోసం వచ్చి దూరం నుంచే చూశాడు.

"అది ఉత్తరమా, కాటుక డబ్బీనా? అంత నల్లగ చేసినావే!"

"నువ్వు చూడగూడదంట. అట్ల పో."

"చూసేకి ఏం మిగిల్చినావ్ గాని" అని నవ్వుకుంటూ పోయాడు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వరలక్ష్మి ఆంటీ ఇంట్లో కమిటీ కూర్చుంది. ఆంటీ, చలపతి అంకుల్, హర్షవర్ధన్ అన్న, ముగ్గురే. హర్షవర్ధన్ అన్నది వరంగల్, సాఫ్ట్‌వేర్. ఎవరికి ఏ కాగితమో అందించడానికి నేను. అచ్యుత్‌కు ఆఫీసులో ఏదో పని పడింది కాబట్టి అపూర్వను కూడా తీసుకెళ్లాను. అది సోఫా వెనక కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. వంటింట్లో నుంచి పప్పు పోపు వాసన వస్తోంది.

మూడు ఉత్తరాలు చదివాక నాలుగోది తీశారు.

"ఇదేంది ఆంటీ, సీబీఐ ఫైల్ లెక్కుంది!" అన్నాడు హర్షవర్ధన్ అన్న, కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి. "సగం పేజీ గాయబ్."

ముగ్గురూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆంటీ పైకి చదివి, తెలుగులో కూడా చెప్పారు. "ఆసుపత్రి పరికరాలు బాగుచేసే పని నేర్చుకోవాలనుంది. న్యూకాసిల్‌లో ఒక ఆసుపత్రి వర్క్‌షాపులో సెప్టెంబరు నుంచి అప్రెంటిస్‌గా చోటు దొరికింది. అదీ మొదటి పేజీ. ఇక ఈ నలుపు. దాని కింద, అక్కడ గది తీసుకోవడానికీ పనిముట్లు కొనుక్కోవడానికీ ఈ స్కాలర్‌షిప్ కావాలి, రాకపోతే ఒక సంవత్సరం ఆగుతాను అని రాసింది. థ్యాంక్యూ. అంతే."

"మంచి పిల్లేనండి, కానీ ఎందుకు ఆ పనే కావాలో ఒక్క ముక్క రాయలేదు" అన్నారు చలపతి అంకుల్. "ఊరికే చోటు దొరికింది కాబట్టి వెళ్తానన్నట్టుంది."

ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. ఆరో ఉత్తరం అందరికీ నచ్చింది. సొంతంగా డ్రోన్ తయారుచేసిన అబ్బాయి. ఫొటోలు కూడా జతచేశాడు. తొమ్మిదీ అయ్యేసరికి "ఆరు ఖాయం చేద్దామా? భోంచేసి రాసేద్దాం" అంటూ ఆంటీ లేచారు.

నా చెవిలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఒక సంవత్సరం ఆగుతాను. ఎందుకు కావాలో ఆ పిల్ల రాయలేదని కాదు. రాసింది. అరపేజీ రాసింది. నేనే తుడిచేశాను.

అసలు ఉత్తరాలు నా సంచిలోనే ఉన్నాయి. అపూర్వ చెయ్యి పట్టుకుని హాల్లోంచి బయటికి వచ్చి, మెట్ల కింద కోట్లు తగిలించే చోట కూర్చున్నాను. తలమీద అందరి కోట్లూ వేలాడుతున్నాయి. నాలుగో ఉత్తరం తీసి మార్కర్ పడని ఆ పేరాపై వేలు పెట్టాను. అపూర్వ ఒకటో క్లాసు. రోజూ బడి నుంచి ఒక చిన్న పుస్తకం తెస్తుంది, దాన్ని నాకు చదివి వినిపించాలి. విన్నానని నేను ఒక నోటుబుక్కులో రాయాలి. నేను రోజూ 'గుడ్' అని రాస్తాను. ఏం రాయాలో తెలియక.

"వాట్ ఆర్ యూ డూయింగ్, మమ్మీ?"

"చదువుతాండా. ఉండు."

ఒక పొడుగు మాట దగ్గర ఆగిపోయాను. అపూర్వ నా ఒళ్లోకి ఎక్కి, నా వేలు పట్టుకుని ఆ మాట మొదటికి తెచ్చింది.

"సౌండ్ ఇట్ అవుట్, మమ్మీ. టేక్ యువర్ టైమ్." కూడబలుక్కుని చదవమని చెప్పే వాళ్ల టీచరమ్మ గొంతు అచ్చంగా అలాగే ఉంటుంది.

"ఆ... డి... ఆ..."

"కీప్ గోయింగ్."

ముక్కలు ముక్కలుగా ఇద్దరం చివరిదాకా వెళ్లాం. అన్నీ అర్థం కాలేదు కానీ, ఆ పిల్లకు ఆ పనే ఎందుకు కావాలో మాత్రం అర్థమైంది. ఆ కోట్ల కింద ఇంకాసేపు కూర్చుంటే ఇక ఎప్పటికీ లేవలేనని తెలుసు. లేచాను.

లోపల ప్లేట్లు సర్దుతున్నారు.

"ఆంటీ, నాలుగో నంబరు తప్పు నాది. ఆ పిల్ల రాసింది. నేను కొట్టేసినా."

"అంటే?" ఆంటీ చేతిలో గరిటె అలాగే ఆగింది.

"అర్థం కాలేదు. ఏది ఉంచాలో ఏది తీయాలో తెలియక అంతా తీసేసినా."

"అర్థం కాకపోవడమేంటమ్మా? డిగ్రీ అన్నావుగా?"

"పదో తరగతాంటీ. ఆ రోజు పాప ప్లేటు పడేసింది కాబట్టి బతికిపోయినా."

వంటింట్లో కుక్కర్ ఒక కూత వేసింది. ఆంటీ వెళ్లి దాన్ని ఆపి వచ్చారు. ఆపడానికి అంతసేపు పట్టదు.

"నేను కూడా ఒక్క ముక్క కనపడకూడదని బెదరగొట్టాను కదా" అన్నారు చివరికి. "సరే. అసలుది ఉందా?"

చూపించాను. హర్షవర్ధన్ అన్న చెయ్యి చాచాడు. "ఇటియ్యి చెల్లె, నేను చదువుత."

ఇచ్చేసేదాన్నే. కాగితం సగం చాచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది.

"వద్దన్నా. పేర్లున్నాయి. నేను తప్ప ఎవరూ చూడగూడదు కదా."

అన్నాక తెలిసింది, నేనేమన్నానో.

చలపతి అంకుల్ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "నిజమేనండి, రూలు రూలే. నువ్వే చదువమ్మా. పేర్లూ ఉద్యోగాలూ వచ్చినచోట ఆగి, తర్వాతది చదువు. పప్పు చల్లారినా పర్లేదు."

నలుగురి ముందు, ఇంగ్లీషు కాగితం, పైకి. అపూర్వ వచ్చి నా చీరకుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది. చదివాను. ఎంత తప్పుగా చదివానో నాకు తెలియదు. నా గొంతు నాకే ఎక్కడి నుంచో వినిపించింది. ఆడియాలజీ అన్న మాట దగ్గర మళ్లీ ఆగాను. కింద నుంచి గుసగుసగా "ఆ... డి..." అని వినిపించింది. హర్షవర్ధన్ అన్న తల వంచుకుని కార్పెట్ వైపు చూస్తున్నాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. కాదు.

వాళ్లమ్మ ఉద్యోగం దగ్గర, పేర్ల దగ్గర పైకి చదవకుండా దాటేశాను కానీ, ఆ పిల్ల రాసింది ఇది.

మా అమ్మకు నా చిన్నప్పుడే జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ మిషన్ల మోతకు ఎవరికీ ఏమీ వినపడదు కాబట్టి తనకు ఇబ్బంది లేదంటుంది. చెవి వెనక పెట్టుకునే మిషన్‌కు ఒక సన్నని గొట్టం ఉంటుంది. అది గట్టిపడిపోతే మాట వినపడదు. మార్పించడానికి రోజులు పట్టేది. ఆ రోజుల్లో అమ్మ ఇంట్లో కూడా మాట్లాడేది కాదు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా మాట్లాడుతోందోనని సిగ్గు. ఆడియాలజీ క్లినిక్‌లో, అంటే వినికిడి పరీక్షలు చేసేచోట, వాళ్లు మార్చేటప్పుడు నేను చూస్తుండేదాన్ని. పదేళ్లప్పుడు అక్కడ ఒకాయన నాకు రెండు గొట్టాలు ఇచ్చి, నా చేత చేయించి చూశాడు. అప్పటినుంచి నేనే మారుస్తాను. మార్చాక అమ్మను గోడ వైపు తిరిగి నిలబడమని, మూడడుగుల దూరం నుంచి మెల్లిగా అమ్మా అంటాను. తర్వాత ఆరడుగుల నుంచి. తర్వాత తలుపు దగ్గర నుంచి. తలుపు దగ్గర నుంచి పిలిచినప్పుడు అమ్మ తిరిగితే పని బాగా వచ్చినట్టు. ఇలాంటి పని నేను జీవితమంతా చేయాలనుకుంటున్నాను.

చదవడం అయిపోయాక కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. మడతలు వంకరగా వచ్చాయి.

"ఆరోవాడు గూడ మస్తు చేసిండు కదా" అన్నాడు హర్షవర్ధన్ అన్న. "వాన్ని ఎట్ల కాదంటం?"

"కాదనొద్దు. వాడికి ఉత్తరం రాద్దాం, వచ్చే ఏడాది మళ్లీ పెట్టమని" అన్నారు ఆంటీ. "వాడి ఉత్తరంలో ఇప్పుడే కావాలన్న తొందరేమీ లేదు. ఈ పిల్ల ఒక ఏడాది ఆగితే న్యూకాసిల్‌లో ఆ చోటు ఉంటుందా?"

"ఉండదాంటీ." అడగకుండానే అనేశాను. "ఆగితే పోతాది. నాకు తెలుసు."

చలపతి అంకుల్ నా వైపు చూసి, పెన్ను తీసి నాలుగు అంకె రాశారు.

భోజనాలయ్యాక గిన్నెలు కడగబోతే వరలక్ష్మి ఆంటీ నన్ను పక్కకు జరిపారు. "వచ్చే ఏడాది కూడా ఈ పని నీదే. మార్కర్ మాత్రం సన్నది కొనిపెడతాను" అన్నారు. ఆ తర్వాత ప్లేటు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "లైబ్రరీలో గురువారాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు క్లాసు ఉంటుంది. నేనొచ్చి దింపుతాను" అన్నారు.

ఆ సాయంత్రం అపూర్వ తన నోటుబుక్కు తీసి, నేను రాసేచోట తనే పెన్సిలుతో ఏదో రాసింది. 'మమ్మీ రెడ్ టుడే. గుడ్.' ఈరోజు మమ్మీ చదివింది అని. సోమవారం వాళ్ల టీచరమ్మ దాని కింద ఒక నక్షత్రం అంటించి పంపింది. అది దానికా నాకా అని మా ఇంట్లో ఇంకా తేలలేదు.

జూలైలో స్కాలర్‌షిప్ ఇచ్చిన రోజు ఆ పిల్లను మొదటిసారి చూశాను. పేరు వర్షిత. సన్నగా, జుట్టు పైకి ముడేసుకుని ఉంది. వాళ్లమ్మ కిరణ్మయి గారు ముందు వరసలో కూర్చుని చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు. హాల్లో మైకు కీచుమంటుంటే ఆవిడ ముఖం చిట్లించుకుని చెవి మిషన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. వర్షిత గబగబా వచ్చి దాన్ని అందుకుని, ఊది, తుడిచి, మళ్లీ పెట్టింది. ఆవిడ వెనక వైపుకు మూడడుగులు వేసింది.

"అమ్మా" అంది, చాలా మెల్లిగా.

కిరణ్మయి గారు తిరిగారు. నేను ఆ పక్క వరసలోనే ఉన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

ఈసారి పేరు మైకులో చదివారు. వద్దని ఎవరూ ఫోన్ చేయలేదు. చప్పట్లు కొడుతున్నప్పుడు వర్షిత వేదిక మీద నుంచి వాళ్లమ్మకు వేళ్లతో ఏదో చెప్పింది. ఏం చెప్పిందని తర్వాత అడిగితే, "గట్టిగా మాట్లాడినా పర్లేదు, ఇక్కడ అందరూ గట్టిగానే మాట్లాడుతున్నారు అని చెప్పాను అక్కా" అంది. నల్ల మార్కర్ సంగతి వాళ్లకు చెప్పాలా వద్దా అని నెల రోజులు ఆలోచించి, వర్షిత న్యూకాసిల్ రైలెక్కే ముందు చెప్పేశాను. ఆ పిల్ల నవ్వింది. "మొత్తం కొట్టేశారా?" అంది. "మొత్తం" అన్నాను.

భయం పోయిందా అంటే, పోలేదు. గురువారం క్లాసులో నా వంతు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒకసారి తలుపు వైపు చూస్తాను. సర్జరీలో మాత్రం కళ్లజోడు మాట మానేశాను. కొంచెం టైం ఇవ్వండి, చదువుకుంటాను అంటున్నాను. రిసెప్షన్‌లో ఆవిడ ఇస్తోంది.

ఇదంతా రాసింది ఒక పని కోసం. కిరణ్మయి గారికి ఫోనులో మాట సరిగ్గా వినపడదు. వీడియోలో బొమ్మ ఆగి ఆగి వస్తుంది, పెదాల కదలిక అందదు. అందుకని తల్లీకూతుళ్లు మెసేజీలే పెట్టుకుంటారు. వర్షిత రోజూ ఒకటే పెడుతుంది. 'బాగున్నానమ్మా.' ఆవిడ ప్రతి ఆదివారం ఆ మెసేజీలన్నీ నాకు చూపిస్తారు. అన్నిటిలోనూ అదే మాట. ఒక్క మాటతో ఎంత దాచవచ్చో నాకు తెలుసు. నేను 'డిగ్రీ' అన్నదాన్ని.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా న్యూకాసిల్‌లో ఉంటే, ఆ పిల్లను ఒకసారి చూసి రండి. అసోసియేషన్‌కు ఫోన్ చేస్తే అడ్రసు ఇస్తాం. బాగున్నావా అని మాత్రం అడగొద్దు, బాగున్నానంటుంది. ఫ్రిజ్ తెరిచి చూడండి. చేతి వేళ్లు చలికి పగిలాయేమో చూడండి, దానికి ఆ వేళ్లే కావాలి. కాసేపు కూర్చుని, దాని చేత గట్టిగా నాలుగు మాటలు మాట్లాడించి, ఎలా ఉందో నాకు రాయండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే. కొంచెం టైం పడుతుంది గానీ, చదువుకుంటాను. చదివి వాళ్లమ్మకు చెప్తాను.